ఊపిరికి కాపలా

మా వీధిలో ఎవరి కుట్టుమిషన్ మొరాయించినా మెకానిక్ కోసం ఊరంతా తిరగక్కర్లేదు. మూడో ఇంటి కిటికీ దగ్గర నిలబడి "మిషనక్కా!" అని ఒక్క కేక వేస్తే చాలు. ఆవిడ అసలు పేరు ఇరవై ఏళ్ళలో నేను రెండుసార్లు విన్నాను. రెండుసార్లూ ఆస్పత్రిలోనే, చీటీ చూసి పిలిచినప్పుడు.

నేను వాళ్ళ ఎదురింట్లో బట్టలు కుడతాను. ఓ రోజు చొక్కా కాలరు కుడుతుంటే రోడ్డు అవతల నుంచే అరిచింది. "ఏమ్మా, నీ షటిల్ కింద పోగు ఇరుక్కుంది, ఆపి చూసుకో! లేకపోతే సూది విరుగుతుంది!" నమ్మకుండానే ఆపి విప్పాను. లోపల నిజంగానే నలిగిన దారం ఉంది. ఆవిడ చెవి అలాంటిది. మిషన్ మీద చెయ్యి వెయ్యకముందు, కళ్ళు మూసుకుని నాలుగు చుట్లు తిప్పించుకుని వినేది. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ తీసేది.

ఆ పని ఆవిడకి మొగుడి నుంచి వచ్చింది. ఆయన మెకానిక్. పద్దెనిమిదేళ్ళు పక్కన కూర్చుని పనిముట్లు అందిస్తూ అందిస్తూ నేర్చేసుకుంది. ఆయనకి నలభై ఏడేళ్ళప్పుడు ఒక ఆదివారం తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. పెద్ద గురక మనిషి. కిటికీలు తీసి ఉంటే మా ఇంట్లోకి వినపడేది. మేం దాని మీద జోకులు వేసుకునేవాళ్ళం. ఆ రోజు అక్క మామూలుగానే లేచింది. ఆదివారమే కదా, పడుకోనీ పాపం అనుకుని, గిన్నెలు చప్పుడు కాకుండా టీ పెట్టుకుంది. ఇల్లు సర్దింది. గంటన్నర తర్వాత రెండోసారి టీ పెట్టి, ఒక కప్పు పట్టుకుని లేపడానికి వెళ్ళింది.

అప్పుడు జనమంతా "అదృష్టవంతుడు, బాధ లేకుండా పోయాడు" అన్నారు. అక్క నెల తిరక్కుండా ఆయన పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళింది. అక్కడి నలభై మిషన్లూ ఆయన చూసేవాడు, ఇక నేను చూస్తానంది. సూపర్‌వైజర్ నసిగాడు. "ముందు ఆ మూలది ఆపించండి, పళ్ళు అరిగిపోయి గుడ్డని సరిగ్గా లాగడం లేదు" అంది. ఆయన ఆపించి చూసి, మర్నాటి నుంచి రమ్మన్నాడు.

పదకొండేళ్ళు అలా ఒక్కతే బతికింది. పిల్లల్లేరు. ఉన్నది ఒక తమ్ముడు, ఆరేళ్ళు చిన్నవాడు. పెద్ద లైబ్రరీలో పుస్తకాలు బైండింగ్ చేసేవాడు. వేళ్ళకి ఎప్పుడూ ఎండిన బంక అంటుకుని ఉండేది కాబట్టి అక్కడ అందరూ అతన్ని జిగురు అనేవాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "అట్ట వేసే ముందు లోపలేముందో చూద్దామని ప్రతి పుస్తకం చదువుతూ కూర్చున్నాను, లేచి చూస్తే వయసైపోయింది" అనేవాడు. నెమ్మదైన మనిషి. నవ్వితే భుజాలు కదిలేవి గానీ చప్పుడు వచ్చేది కాదు.

యాభై రెండో ఏట, కాగితాలు కోసే మిషన్ చక్రం తిప్పుతూ అక్కడే కూలబడ్డాడు. గుండెపోటు. పంతొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ప్రాణం దక్కింది కానీ గుండె కండరం బాగా దెబ్బతింది. మామూలు గుండె తోసేదాంట్లో సగమే తోస్తోందని చెప్పి, గుప్పెడు మాత్రలు రాసి పంపించారు.

"మా ఇంటికి వచ్చెయ్" అంది అక్క.

"నా గదికేమైంది, బాగానే ఉందిగా."

"నీ గది మూడో అంతస్తులో ఉంది. నీ గుండె మెట్ల దగ్గరే కూర్చుంది. నోరు మూసుకుని రా."

అలా వచ్చాడు. వాళ్ళది ముందు ఒక గది, మధ్యలో ఒక గది, వెనక వంటిల్లు. ముందు గదిలో రిపేరుకొచ్చిన మిషన్లు ఉండేవి. మధ్య గదిలో తమ్ముడికి మంచం వేసింది. తను వంటింట్లో చాప వేసుకుంది.

వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం నేను నా మిషన్ బెల్టు పట్టుకుని వెళ్ళాను. అతను లోపల నిద్రపోతున్నాడు. అక్క నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. చెయ్యెత్తి నన్ను కూడా ఆపింది. వింటోంది.

నేనూ విన్నాను. లోపల్నుంచి ఊపిరి వస్తోంది. మొదట చిన్నగా, తర్వాత కొంచెం పెద్దగా, ఇంకా పెద్దగా, మనిషి ఎవరో మెట్లు ఎక్కుతున్నట్టు. పైకి చేరాక మళ్ళీ తగ్గుతూ, తగ్గుతూ, చివరికి వినపడకుండా పోయింది. నేను మళ్ళీ మాట మొదలుపెట్టబోయాను. అక్క మొహం చూసి నోరు మూసుకున్నాను. గోడ మీద గడియారం వైపు చూస్తోంది. పది సెకన్లు. ఇరవై. ముప్పై. లోపల ఏ చప్పుడూ లేదు. అక్క చేతిలోని బెల్టు కింద పడేసి పరుగున లోపలికెళ్ళి అతని భుజం పట్టి ఊపేసింది.

"ఏంటక్కా?" అన్నాడు కళ్ళు నులుముకుంటూ.

"ఏం లేదు. మంచినీళ్ళు తాగుతావా?"

పాపం, తాగాడు.

ఆ సాయంత్రం నుంచి ఆవిడ కాపలా మొదలైంది. చాప వంటింట్లోంచి మంచం పక్కకి వచ్చింది. రాత్రి దీపం తీసేశాక, చెయ్యి పైకి చాచి తమ్ముడి మోచేతి మీద వేసి పడుకునేది. ఊపిరి ఎక్కుతుంటే వినేది, దిగుతుంటే వినేది, ఆగగానే లెక్కపెట్టేది. ఇరవై దాకా ఆగేది. అంతకుమించి ఆవిడ వల్ల అయ్యేది కాదు, కదిపేసేది. అతను ఉలిక్కిపడి ఒక పెద్ద ఊపిరి తీసి అటు తిరిగేవాడు. రెండు నిమిషాలయ్యేసరికి మళ్ళీ అదే వరస. తెల్లారేదాకా.

"అక్కా, గురక పెట్టని మగాడెవడు చెప్పు? బావ పెట్టలేదూ?" అన్నాడొకసారి.

ఆ మాటతో ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజే నాకు ఆ గంటన్నర సంగతి చెప్పింది. "రెండు టీలు పెట్టుకున్నానే నేను. ఆయన లోపల ఎప్పుడు పోయాడో కూడా తెలీదు. నేను లేచేసరికే పోయాడా, నేను గిన్నెలు సర్దుతుంటే పోయాడా? పక్కనే పడుకుని మొద్దులా నిద్రపోయాను. ఆయన ఊపిరి కూడా ఇలాగే ఆగి ఆగి వచ్చేది. నాకు తెలుసు. ఆగినప్పుడు హమ్మయ్య, గురక తగ్గింది అనుకునేదాన్ని."

ఆవిడ చేతిలో ఉన్న గ్లాసు తీసుకుని కడిగి పెట్టాను.

మూడు నెలలు గడిచాయి. తమ్ముడు కోలుకోవాల్సింది పోయి నీరసించాడు. తిన్న కంచం ముందే కునికేవాడు. పుస్తకం పట్టుకుంటే పేజీ తిప్పకుండానే నిద్రపోయేవాడు. సాయంత్రానికి పాదాలు వాచేవి. తలగడలు రెండు చాలక మూడయ్యాయి. లైబ్రరీలో తేలిక పని ఇస్తామన్నారని వారం రోజులు వెళ్ళి, బంక గిన్నెలో చెయ్యి పెట్టి నిద్రపోయాడని ఇంటికి పంపించేశారు.

అక్క సంగతి అంతకన్నా అన్యాయంగా ఉంది. కళ్ళ కింద నల్లటి చారలు. ఫ్యాక్టరీలో ఒక మిషన్‌కి సూదీ షటిలూ కలిసే టైమింగ్ సరిచేసి, బిగించాల్సిన స్క్రూ బిగించడం మర్చిపోయింది. పని మధ్యలో సూది విరిగి, ముక్క ఎగిరి కుట్టే అమ్మాయి చెంపకి తగిలింది. కంటికి వేలెడు దూరంలో. సూపర్‌వైజర్ తిట్టలేదు. "అక్కా, నువ్వు చెయ్యి పెట్టిన మిషన్ చెడిపోవడం ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. ఇంటికెళ్ళి నాలుగు రోజులు పడుకో" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ అమ్మాయి చెంప మీది గాటు గురించి ఆవిడ నాతో పదిసార్లు చెప్పింది.

ఆ వారమే గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు. ఇద్దరి వాలకం చూసి నేనూ వెంట వెళ్ళాను. రెండు గంటలు బెంచీ మీద కూర్చున్నాక పిలుపొచ్చింది. డాక్టరు పెద్దాయన, మాట పొదుపు. కాగితాలు చూస్తూనే అడిగాడు. నొప్పి వస్తోందా? లేదు. ఆయాసం? కొంచెం. మాత్రలు వేసుకుంటున్నారా? ఆఁ. నిద్ర పడుతోందా?

"పడుతుందండీ. పగలు కూడా పడుతుంది" అన్నాడు తమ్ముడు.

డాక్టరు పెన్ను అందుకున్నాడు. అక్క అడ్డం వచ్చింది. "వాడి మాట కాదు డాక్టరుగారూ, నన్నడగండి. నిద్రలో వాడికి ఊపిరి ఆగిపోతోంది."

"గురక ఎక్కువా?"

"గురక వేరు. ఇది వేరు." ఎలా చెప్పాలో తెలీక ఒక క్షణం అటూ ఇటూ చూసింది. చీటీలు పట్టుకుని తలుపు దగ్గర ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. అక్క పట్టించుకోలేదు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, ఊపిరి తియ్యడం మొదలుపెట్టింది. చిన్నగా. కొంచెం పెద్దగా. ఇంకా పెద్దగా, ఛాతీ ఎగిరెగిరి పడేలా. మళ్ళీ తగ్గిస్తూ, తగ్గిస్తూ, ఆపేసింది.

గదిలో ఎవరూ కదల్లేదు. తలుపు దగ్గర ఒకాయన నవ్వబోయి మానేశాడు. డాక్టరు ముందు ఆవిడనీ, తర్వాత తన చేతి గడియారాన్నీ చూశాడు. అక్క మొహం ఎర్రబడుతోంది. తమ్ముడు కంగారుపడి "అక్కా, చాల్లే" అన్నాడు. ముప్పై సెకన్లు దాటాక ఆవిడ మళ్ళీ చిన్నగా ఊపిరి మొదలుపెట్టింది.

డాక్టరు పెన్ను మూత పెట్టేశాడు. "ఎన్నాళ్ళనుంచి వింటున్నారమ్మా?"

"మూడు నెలలు."

"ప్రతి రాత్రీ?"

"రాత్రీ పగలూ. వాడు పడుకున్నప్పుడల్లా."

"ఇది నేను అడగాల్సింది" అన్నాడాయన. అంత పెద్ద డాక్టరు అలా అంటాడని నేననుకోలేదు. "గుండె నీరసించిన వాళ్ళలో చాలామందికి ఇలా అవుతుంది. మాకు చెప్పేవాళ్ళు తక్కువ. రోగికి తెలీదు, పక్కనున్నవాళ్ళు గురకనుకుంటారు." ఒక రాత్రి ఆస్పత్రిలో పడుకోబెట్టి చూడాలని చీటీ రాశాడు.

ఆ రాత్రి నేను లేను, అక్క చెప్పగా విన్నాను. నిద్ర పరీక్ష చేసే గది ఆస్పత్రి వెనక భాగంలో ఉంది. ఒక మంచం, ఒక కుర్చీ, మందపాటి కర్టెన్లు. అక్కడి టెక్నీషియన్ ముప్పై ఏళ్ళ అమ్మాయి. తమ్ముడి తలకీ, ఛాతీకీ, కాళ్ళకీ తీగలు అంటించింది. ముక్కు కింద సన్నటి గొట్టం, వేలికి క్లిప్పు, పొట్ట చుట్టూ బెల్టు పెట్టింది. అతను తనని తాను చూసుకుని "ఈ బంక మంచిదేనమ్మా, మా బైండింగ్‌లో వాడేదానికన్నా గట్టిగా పట్టింది" అన్నాడు. ఆ అమ్మాయి నవ్వింది. ఇంతకుముందు ఆ మంచం మీద ఎవరూ జోకు వెయ్యలేదట.

అక్క చాప కోసం చూసింది. "మీరు లోపల ఉండకూడదమ్మా. పక్క గదిలో నాతో కూర్చోండి. స్క్రీన్ మీద అన్నీ కనిపిస్తాయి" అంది ఆ అమ్మాయి.

"ఊపిరి ఆగితే?"

"నేను చూస్తూ ఉంటాను."

పక్క గదిలో స్క్రీన్ మీద పది పదిహేను గీతలు కదులుతున్నాయి. ఒక గీత చూపించి ఇదే ఊపిరి అని చెప్పింది. అతను నిద్రలోకి జారాడు. అక్క మూడు నెలలుగా చెవితో విన్నది ఇప్పుడు కళ్ళకి కనిపించింది. గీత చిన్న అలగా లేచి, పెద్దదై, మళ్ళీ చిన్నదై, సాపుగా అయిపోయింది. సాపుగా అలాగే పోతోంది. అక్క లేచి నిలబడింది. ఆ అమ్మాయి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"కూర్చోండమ్మా."

"ఆగిపోయింది, కనపడట్లేదా నీకు?"

"కనపడుతోంది. కొంచెం ఆగండి. మీరు వెళ్ళకపోతే ఏమవుతుందో చూడండి."

ఇరవై. ఆవిడ లెక్క అక్కడితో అయిపోతుంది. దాని తర్వాత ఏముంటుందో ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఇరవై ఐదు. ముప్పై. "ఆ చెయ్యి విడిపించుకోవడానికి గింజుకున్నానే, ఆ పిల్లని తోసేసేదాన్నేమో" అని తర్వాత నాతో చెప్పింది. ముప్పై నాలుగో సెకనుకి గీత చిన్నగా లేచింది. ఎవరూ ముట్టుకోలేదు. ఎవరూ పిలవలేదు. దానంతటదే లేచి, కొంచెం కొంచెంగా పెరిగింది.

"చూశారా" అంది ఆ అమ్మాయి. "ఇప్పుడు ఇంకో గీత చూడండి, ఇది మెదడుది. ఊపిరి బాగా పెద్దదైనప్పుడల్లా ఇక్కడ గజిబిజి అవుతోంది కదా? ఆయన నిద్ర చెదురుతోంది. ఆయనకి తెలీకుండానే సగం మెలకువ వస్తోంది. గంటకి నలభై సార్లు ఇలా అయితే ఇక నిద్రెక్కడిది? దానికి తోడు మీరు కూడా లేపుతున్నారా?"

అక్క కుర్చీలో కూర్చుండిపోయింది. ఆ రాత్రంతా గీత ఆగడం, లేవడం చూస్తూనే ఉంది. తెల్లవారుజామున ఎప్పుడో లెక్క మానేసి ఏడ్చిందట. ఆ అమ్మాయి చెయ్యి మాత్రం వదల్లేదు.

వారం తర్వాత మళ్ళీ ముగ్గురం వెళ్తే, డాక్టరు వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. "మన ఊపిరి ఎంత తియ్యాలో మెదడు నిర్ణయిస్తుంది. దానికి రక్తమే వార్త తీసుకెళ్ళాలి. గుండె నీరసంగా ఉంటే ఆ వార్త ఆలస్యంగా చేరుతుంది. దాంతో మెదడు ఒకసారి అవసరానికి మించి తీయిస్తుంది, ఇంకోసారి అసలు ఆపేయిస్తుంది."

"అంటే టైమింగ్ తప్పింది" అంది అక్క.

"అంతే. దానికి తోడు ఈయనకి వెల్లకిలా పడుకుంటే గొంతు కూడా కొంత మూసుకుంటోంది. రెండూ ఉన్నాయి. మొదట గుండె సంగతి చూద్దాం. ఒంట్లో చేరిన నీరు తీసెయ్యాలి, మాత్రలు మార్చాలి. గుండె కొంచెం పుంజుకుంటే ఊపిరి కూడా కొంత సర్దుకుంటుంది. రాత్రిళ్ళు గాలి పెట్టే మాస్కు ఒకటి వాడి చూద్దాం. పూర్తిగా పోతుందని మాత్రం మాట ఇవ్వలేను."

"నేను లేపడం వల్ల వాడికి చెరుపు జరిగిందా?"

ఆయన కొంచెం ఆలోచించాడు. "నిద్ర పాడైంది, అది నిజం. కానీ మీరు వినకపోతే నాకు ఈ సంగతే తెలిసేది కాదు. ఇక మీదట లేపకండి."

తమ్ముడు లేచి బయటికి నడిచాడు. అక్క లేవలేదు. ఇంకో ప్రశ్న ఉందని నాకు తెలుసు. పదకొండేళ్ళ కిందటి ఆదివారం సంగతి మూడు ముక్కల్లో చెప్పి అడిగింది. "ఆయనకి కూడా ఇదేనా? నేను మెలకువగా ఉండి ఉంటే బతికేవాడా?"

"నేను చూడని మనిషి గురించి చెప్పలేనమ్మా" అన్నాడు డాక్టరు. "ఇదే అయి ఉండొచ్చు, వేరే ఏదైనా అయి ఉండొచ్చు. గుండె ఆగిపోయి ఉంటే మీరు పక్కన మెలకువగా ఉన్నా ఏం చేసేవారు? బతికించేవారని నేననుకోను. ఒట్టేసి మాత్రం చెప్పలేను."

బస్సులో ఇంటికొస్తూ అక్క "అబద్ధం చెప్పి పంపించొచ్చుగా ఆయన. చెప్పలేదు" అంది. అది ఫిర్యాదో మెచ్చుకోలో నాకు అర్థం కాలేదు.

నీరు తీసే మాత్రలతో పదిహేను రోజుల్లో అతని పాదాల వాపు దిగింది. ఉప్పు బాగా తగ్గించేశారు. ఆ కూరలు నోట్లో పెట్టుకోలేక "అట్ట ముక్క నమిలినా ఇంతకన్నా రుచిగా ఉంటుంది" అనేవాడు. మాస్కు పెట్టుకున్న మొదటి రోజు నన్ను పిలిచి చూపించాడు. ముక్కు మీద కప్పు, నెత్తి చుట్టూ పట్టీలు, ముందు నుంచి పొడుగాటి గొట్టం. "ఏనుగునయ్యానా, గాలి తిత్తినయ్యానా?" అని అడిగాడు. పట్టీలు చెంపల్ని కోసేస్తున్నాయంటే అక్క టెక్నీషియన్ అమ్మాయిని అడిగి, వాటికి మెత్తటి గుడ్డ తొడుగులు కుట్టింది. మూడుసార్లు విప్పి కుట్టాక గానీ గాలి బయటికి పోకుండా కుదరలేదు. మధ్యలో ఎవరో దుకాణంవాడు దీనికన్నా తెలివైన మిషన్ ఉంది, ఊపిరి ఆగగానే అదే కనిపెట్టి తీయిస్తుంది అని చెప్పాడు. అక్క ఆశపడి డాక్టర్ని అడిగింది. ఇంత నీరసంగా ఉన్న గుండెకి ఆ రకం మంచిది కాదని ఆయన ఖచ్చితంగా వద్దన్నాడు.

ఇవన్నీ కుదిరాయి కానీ అక్క చాప మాత్రం మంచం పక్క నుంచి కదల్లేదు. లేపడం మానేసింది. వినడం మానలేకపోయింది.

ఒక రోజు పొద్దున్న, నేను అక్కడ ఉండగానే, తమ్ముడు అన్నాడు. "అక్కా, ఒక మాట చెప్తాను, తిట్టకు. అప్పుడు మూడు నెలలూ నేను సగం రాత్రిళ్ళు నిద్రపోలేదు. నువ్వు పడుకుంటావేమోనని కళ్ళు మూసుకుని, నిద్రపోయినవాడిలా ఊపిరి తీస్తూ పడుకునేవాణ్ణి. నువ్వు పడుకోకుండా నా ఊపిరి వింటూ ఉండేదానివి. ఇద్దరం ఒకళ్ళ కోసం ఒకళ్ళం మేలుకునే ఉన్నాం. నాకైతే గుండె జబ్బు. నీకేం రోగం?"

అక్క నవ్వబోయింది, నవ్వు రాలేదు.

"ఇవాళ్టి నుంచి నువ్వు ముందు గదిలో పడుకో. తలుపు వేసుకో."

"తలుపెందుకు రా? ఓరగా ఉంటే ఏం?"

"ఓరగా ఉంటే నువ్వు వింటావు. వేసుకో. నేను రాత్రి పోయాననుకో, పొద్దున్న లేచి టీ పెట్టుకో. తాగాకే రా. నాకేం కోపం ఉండదు. బావకి కూడా ఉండి ఉండదు."

అతనికి ఆ రెండు టీల సంగతి తెలుసని ఆవిడకి అప్పటిదాకా తెలీదు. నేను చెప్పలేదు. ఆ ఆదివారం కబురందుకుని వచ్చినప్పుడే, తాగకుండా చల్లారిపోయిన రెండో కప్పుని మంచం పక్కన చూశాడట. అన్నేళ్ళూ ఆ మాట ఎత్తలేదు.

అక్క నిలబడి ఉన్నచోటే నేల మీద కూర్చుంది. ఇంత వయసొచ్చిన మనిషి, చిన్నపిల్లలా మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. అతను మంచం మీద నుంచి లేవలేదు. ఏడవనిచ్చాడు.

ఆ రాత్రి ఆవిడ తలుపు వేసుకుంది. రిపేరు మిషన్ల మధ్య చాప పరుచుకుని కూర్చునే తెల్లవార్చింది. రెండో రాత్రీ అంతే. ఐదో రోజు పొద్దున్న పదిన్నరకి కూడా కిటికీ తెరవలేదని నేను భయపడి వెళ్ళి తలుపు కొట్టాను. తీసింది తమ్ముడు. వేలు పెదాల మీద పెట్టి చూపించాడు. వెనక అక్క చాప మీద, నోరు తెరుచుకుని, ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది.

మళ్ళీ పరీక్ష చేసినప్పుడు గంటకి నలభై సార్లు ఊపిరి ఆగడం పదకొండుకి తగ్గింది. డాక్టరు సంతోషించాడు. గుండె కూడా కాస్త పుంజుకుందన్నాడు. అతను మళ్ళీ లైబ్రరీకి వెళ్ళాడు, సగం పూట పనికి. కోత మిషన్ దగ్గరికి రానివ్వలేదు. కూర్చుని చేత్తో పుస్తకాలు కుట్టే పని ఇచ్చారు. రోజూ సాయంత్రం బయట బెంచీ మీద కూర్చుని ఆ రోజు ఏ పుస్తకం చేతికొచ్చిందో మాకు చెప్పేవాడు. సముద్రపు చేపల మీద ఒకటి, వంతెనల మీద ఒకటి, ఎవరో జడ్జిగారి ఉత్తరాలు ఒకటి. మేం పనులాపుకుని వినేవాళ్ళం.

అలా మూడేళ్ళ రెండు నెలలు బతికాడు.

పోయింది పగలు, పనిలో ఉండగానే. పదకొండు గంటలకి సూదిలో దారం ఎక్కిస్తూ, పక్కన కూర్చున్న హెడ్ బైండర్‌తో ఏదో చెబుతూ, మాట మధ్యలో ఆగిపోయాడు. గుండె ఆగింది. వాళ్ళు చెయ్యగలిగిందంతా చేశారు. అక్క ఫ్యాక్టరీలో ఉంది. కబురు రాగానే చేతిలో మిషన్‌కి స్క్రూలు బిగించి, మూత వేసి, సూపర్‌వైజర్‌కి చెప్పి మరీ బయల్దేరింది. నేను వెళ్ళేసరికి పొడుగాటి బల్ల మీద పడుకోబెట్టిన తమ్ముడి పక్కన నిలబడి, అతని వేళ్ళకి అంటిన బంకని గోరుతో మెల్లగా తీస్తోంది.

"ఏం చెబుతున్నాడు అప్పుడు?" అని హెడ్ బైండర్ని అడిగింది.

"మధ్యాహ్నం భోజనంలో ఉప్పు ఉందో లేదో అని, మీ వంట గురించేనమ్మా" అన్నాడాయన సిగ్గుపడుతూ.

రెండు వారాలయ్యాక, అతని సామాన్లు తీసుకెళ్ళమంటే మేమిద్దరం లైబ్రరీకి వెళ్ళాం. ఒక కళ్ళజోడు, కాగితం మడతలు నొక్కే ఒక ఎముక బద్ద, రెండు సూదులు, ఒక చొక్కా. అతను కూర్చునే బల్ల మీద సగం కుట్టిన అట్లాసు అలాగే ఉంది. ఇంకో రెండు కాగితాల కట్టలు కుట్టాలి, ఎవరో ఒకరం చేసేస్తాంలెండి అన్నాడు హెడ్ బైండర్.

"ఎలా కుట్టాలో చూపించండి" అంది అక్క.

ఆయన చూపించాడు. కాగితాల మడతలోంచి సూది లోపలికీ బయటికీ వెళ్ళాలి, పక్క కట్ట కుట్టుని పట్టుకుని ముడి పడాలి. అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. నలభై నిమిషాలు పట్టింది. అయ్యాక ఆయన పుస్తకం చేతిలోకి తీసుకుని వెన్ను నొక్కి చూశాడు. "కాస్త వదులుగా వచ్చింది. పర్లేదు, బంక రాస్తే ఆగుతుంది" అన్నాడు.

అక్క పుస్తకం ఆయన చేతిలోంచి తీసుకుంది. కత్తెర అడిగి పుచ్చుకుని, తను వేసిన కుట్లన్నీ విప్పేసి, మళ్ళీ మొదలుపెట్టింది.